సర్వే ఫైలు ఒకటే, షీట్లు 11: ఎక్స్‌రెఫ్‌లో ఏ గీత ఎక్కడ కనబడాలి

మధ్య డెల్టాలో, అమలాపురం చుట్టుపక్కల ఒక పంట కాలువ మీద పాత ఇరుకు వంతెన పక్కనే కొత్తది కట్టడానికి తయారైన డ్రాయింగుల సెట్టు ఇది. కోనసీమలో ఇలాంటి చోట ప్లాను ఎంత కిక్కిరిసి ఉంటుందో గీసినవాళ్లకు తెలుసు. కాలువ, కాలువ గట్టు మీదే తారు రోడ్డు, రోడ్డు అంచున మంచినీటి పైపు, దాని పక్కనే 11 కేవీ లైను, గట్టు దిగితే కొబ్బరి తోట, తోట చివర మురుగు కాలువ. అన్నీ 40 మీటర్ల వెడల్పులోనే. నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అడుగు తేడా కూడా ముఖ్యమే. అందుకని సర్వే చేసినవాళ్లు స్పాట్ లెవెల్స్ (ఒక్కో బిందువు దగ్గర నేల ఎత్తులు) దగ్గర దగ్గరగా తీస్తారు. వాటి అంకెలే ప్లానులో సగం నల్లగా కమ్మేస్తాయి. దీని మీద సర్వే నంబర్ల హద్దులు కూడా పడితే కాలువ అంచు ఏదో, చేను గట్టు ఏదో చదవడం కష్టం.

అందుకే ఏ షీటుకు కావలసింది ఆ షీటులోనే చూపించాలి. భూసేకరణ షీటులో హద్దులు ఎర్రగా తేలాలి, చెట్లు లెక్కకు రావాలి, లెవెల్స్ అక్కర్లేదు. హైడ్రాలిక్ షీటులో లెవెల్స్ కావాలి, హద్దులు అక్కర్లేదు. పునాది షీటులో భూమి లోపలున్న ప్రతి పైపూ, పైనున్న ప్రతి తీగా కనబడి తీరాలి. ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేరులో దీనికి దారి ఎక్స్‌రెఫ్, అంటే ఒక ఫైలును ఇంకో ఫైలులోకి లింకుగా తెచ్చుకుని చూపడం. మూల ఫైళ్లు 5: టోపో-బేస్ (పైపు, స్తంభాలు, చెట్లతో కలిపి మొత్తం సర్వే), ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకంలోని సర్వే నంబర్ల హద్దులు), డ్రెయిన్ (మురుగు కాలువ), అప్రోచ్ (వంతెనకు చేరే రోడ్డు), వంతెన. వీటిని 11 షీటు ఫైళ్లలోకి తెచ్చుకుని, అక్కడ వ్యూపోర్టుల్లో (షీటు మీద డ్రాయింగు కనబడే కిటికీల్లో) లేయర్లను (గీతలను రకాల వారీగా విడదీసే పొరలను) ఫ్రీజ్ చేసుకుంటూ, అంటే దాచుకుంటూ పోవడం పద్ధతి.

ప్రింటుకు ముందు చెకింగులో ఐదు తప్పులు బయటపడ్డాయి. పునాది షీటులో మంచినీటి పైపు లేదు. గడ్డర్లు ఎత్తే క్రేను షీటులో 14 విద్యుత్ స్తంభాలకు 8 మాత్రమే ఉన్నాయి. సర్వేలో కొంత భాగమే కనబడేలా క్లిప్ (కత్తిరింపు) చేసిన షీటులో క్లిప్ బయట కూడా తోట కనబడుతోంది. రెండు షీట్లలో నిన్న దాచిన లెవెల్స్ ఇవాళ తెరిస్తే తిరిగి వచ్చాయి. భూసేకరణ షీటు తప్ప మిగతావాటిలో బూడిద రంగులో ఉండాల్సిన హద్దులు ఎర్రగానే ఉండిపోయాయి.

అక్కర్లేనిది కనబడితే చూసినవాడు వెంటనే అడుగుతాడు. కావలసింది కనబడకపోతే అడిగేవాడే ఉండడు. ఈ ఐదింటిలో మొదటి రెండూ అందుకే ప్రమాదకరం. కాలువలకు నీళ్లు కట్టేసిన వేసవి రోజుల్లోనే పునాది ముగించాలి. ఆ కొద్ది వారాల్లో తవ్వకం మొదలయ్యాక 160 మి.మీ. పైపు పగిలితే ఊళ్లకు నీళ్లు ఆగిపోతాయి, గుంటలో నీళ్లు నిండి పని కూడా ఆగిపోతుంది.

పైపు ఎలా మాయమైంది

టోపో-బేస్ తెరిస్తే పైపు ఉంది, లేయర్ ఆన్‌లోనే ఉంది. జనరల్ ప్లాను షీటులోనూ ఉంది. పునాది షీటులో మాత్రం లేదు. ఫైలు అదే, దారి అదే, రీలోడ్ చేసినా అంతే. లేయర్ మేనేజరులో టోపో-బేస్|పైపు-నీరు అనే లేయరు మొత్తం ఫైలుకే ఫ్రీజ్ అయి ఉంది. షీటు గీసినవాళ్లు దాన్ని ముట్టుకోలేదు.

కారణం విస్‌రిటెయిన్ అనే సెట్టింగులో ఉంది. ఇది 1లో ఉంటే, ఎక్స్‌రెఫ్ లేయర్ల విషయంలో షీటు ఫైలు తన దగ్గర రాసి ఉన్నదాన్నే నమ్ముతుంది. 0లో ఉంటే ప్రతిసారీ మూల ఫైలు చెప్పిందే వింటుంది, షీటులో చేసిన మార్పులు ఆ పూటకే పనికొస్తాయి. అందరూ 1లోనే ఉంచాలి, అనుమానం లేదు. కానీ దానికో మెలిక ఉంది. ఒక లేయరు షీటులోకి మొదటిసారి వచ్చినప్పుడు మూల ఫైల్లో ఏ స్థితిలో ఉంటే అదే స్థితి షీటులో రాసుకుపోతుంది. పునాది షీటు తయారైన రోజుల్లో, టోపో-బేస్‌లో లెవెల్స్ సరిచూసుకోవడానికి ఎవరో పైపు లేయరును ఫ్రీజ్ చేసి అలాగే సేవ్ చేశారు. తర్వాత మూల ఫైల్లో అది తిరిగి థా అయింది, అంటే ఫ్రీజ్ పోయింది. అంతకుముందే పుట్టిన జనరల్ ప్లానుకు ఏమీ కాలేదు. ఆ వారంలో పుట్టిన పునాది షీటు మాత్రం "ఫ్రీజ్" అన్నదాన్నే పట్టుకుని కూర్చుంది. వంద సార్లు రీలోడ్ చేసినా మారదు.

సరిచేసే క్రమం ఇది. ముందు షీటును వేరే పేరుతో కాపీ చేసి పెట్టుకోవాలి. విస్‌రిటెయిన్ 0 చెయ్యాలి. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో టోపో-బేస్ ఒక్కదాన్నే రీలోడ్ చెయ్యాలి. దాని లేయర్లన్నీ మూల ఫైల్లో ఉన్న స్థితికి వస్తాయి. వెంటనే విస్‌రిటెయిన్ 1 చేసి సేవ్ చెయ్యాలి. ఆ ఫైలు లేయర్లకు షీటులో ఇచ్చుకున్న రంగులు, ఫ్రీజులు కూడా ఈ దెబ్బకు పోతాయి కాబట్టి కాపీని పక్కన పెట్టుకుని తిరిగి చూసుకోవాలి. కొత్త వెర్షన్లలో ఏ గుణాలు మూల ఫైలు నుంచి తాజాగా రావాలో లేయర్ సెట్టింగుల్లో విడివిడిగా ఎంచుకోవచ్చు. ఆ వీలుంటే ఆన్, ఫ్రీజ్ జోలికి పోకుండా రంగు, లైన్‌టైపు మాత్రమే తాజా చేసుకోవడం నయం.

తెరిచిన ప్రతిసారీ లెవెల్స్ తిరిగొచ్చిన ఆ రెండు షీట్లలో జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. అవి పాత టెంప్లేటు నుంచి పుట్టాయి, అందులో విస్‌రిటెయిన్ 0 ఉంది. ఈ విలువ కంప్యూటరులో కాదు, డ్రాయింగు ఫైల్లో నిలుస్తుంది. కాబట్టి టెంప్లేటును సరిచేస్తే ఇకమీద పుట్టేవే బాగుపడతాయి. ఇప్పటికే ఉన్న ప్రతి షీటునూ తెరిచి చూడాల్సిందే.

ఇక్కడ నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మూల ఫైల్లో ఏ లేయరూ ఫ్రీజ్‌లో గానీ ఆఫ్‌లో గానీ ఉండగా సేవ్ చెయ్యకూడదు. పని కోసం దాచుకుంటే, మూసే ముందు "అన్నీ-కనబడాలి" అనే లేయర్ స్టేటును (లేయర్ల స్థితులను సేవ్ చేసి పెట్టుకున్న జాబితాను) రీస్టోర్ చేసి మూయాలి. షీటులో కూడా ఎక్స్‌రెఫ్ లేయర్లను మొత్తానికి ఫ్రీజ్ చెయ్యకూడదు. దాచాల్సింది వ్యూపోర్టులోకి వెళ్లి, వీపీ ఫ్రీజ్ (ఆ వ్యూపోర్టుకే పరిమితమైన ఫ్రీజ్) నిలువు వరసలోనే దాచాలి. మొత్తానికి ఫ్రీజ్ అయిన లేయరును ఏ వ్యూపోర్టూ చూపించలేదు. అదే మొత్తానికి థా అయి ఉంటే ఏ వ్యూపోర్టుకు కావలసినట్టు ఆ వ్యూపోర్టు దాచుకుంటుంది. ఒకే షీటులో 1:500 ప్లాను, 1:100 పునాది పక్కపక్కన ఉన్నప్పుడు ఇది తప్ప వేరే దారి లేదు.

ఆరు స్తంభాలు

ఇది కొంచెం లోతుకు వెళ్లి చూడాల్సిన తప్పు. స్తంభం ఒక బ్లాకు, అంటే ఒకే గుర్తుగా వాడే గీతల గుంపు. లోపలి వలయం విద్యుత్-స్తంభం అనే లేయరులో ఉంది, నంబరు అట్రిబ్యూటు (బ్లాకుతో పాటు వచ్చే రాత) విద్యుత్-నంబరులో ఉంది. క్రేను షీటులో ఈ రెండు లేయర్లూ కనబడే స్థితిలోనే ఉన్నాయి. 8 స్తంభాలు కనబడుతున్నాయి, 6 లేవు.

కనబడుతున్న ఒక స్తంభం మీద ఎక్స్‌లిస్ట్ కమాండు కొట్టి చూస్తే వలయం విద్యుత్-స్తంభం లేయరులో ఉందనే చూపిస్తుంది. ఇదే దారి తప్పించింది. ఎక్స్‌లిస్ట్ మనం ముట్టుకున్న లోపలి గీత లేయరును చెబుతుంది, బ్లాకు ఏ లేయరులో కూర్చుందో చెప్పదు. పైగా మాయమైన స్తంభాన్ని ముట్టుకోవడమే కుదరదు. మూల ఫైలు తెరిచి, క్యూసెలెక్ట్‌తో ఆ పేరున్న బ్లాకులన్నీ ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో లేయరు గడి చూస్తే "వేరువేరు" అని వచ్చింది. విడదీస్తే 8 విద్యుత్-స్తంభంలో, 6 పాత-హద్దులు లేయరులో ఉన్నాయి. ఆ 6 స్తంభాలు ఇన్సర్ట్ చేస్తున్నప్పుడు కరెంట్ లేయరు (ఆ సమయానికి పనిలో ఉన్న లేయరు) పాత-హద్దులు అయి ఉంది, అంతే. క్రేను షీటుకు పాత హద్దులతో పనిలేదని వాటిని వీపీ ఫ్రీజ్ చేశారు. బ్లాకు కూర్చున్న లేయరు ఫ్రీజ్ అయితే, లోపలి గీతలు ఏ లేయరులో ఉన్నా బ్లాకు మొత్తం పోతుంది. ఆఫ్ చేస్తే అలా కాదు, ఆ లేయరులో ఉన్న గీతలే పోతాయి, వేరే లేయరులో ఉన్న లోపలి గీతలు నిలుస్తాయి. ఫ్రీజ్‌కూ ఆఫ్‌కూ ఉన్న ఈ తేడా చాలామంది పట్టించుకోరు. ఒక ఎక్స్‌రెఫ్ మొత్తాన్ని దాచాలన్నా ఇదే సూత్రం. అది కూర్చున్న లేయరును ఆఫ్ చేస్తే పోదు, ఫ్రీజ్ చేస్తే పోతుంది.

సరిచేసింది రెండు దఫాలుగా. ముందు ఆ 6 బ్లాకులను విద్యుత్-స్తంభం లేయరుకు మార్చడం. తర్వాత బ్లాకును బీఎడిట్‌లో తెరిచి వలయాన్నీ అట్రిబ్యూటునూ 0 లేయరుకు, రంగు బైలేయర్‌కు (లేయరు రంగే తీసుకునేలా) తేవడం. లోపలిది 0లో ఉంటే బ్లాకు ఏ లేయరులో కూర్చుంటే ఆ లేయరు మాటే వింటుంది, దాచడానికీ చూపడానికీ ఒకే తాళం ఉంటుంది. అట్రిబ్యూటు మార్పు పాత బ్లాకులకు అందాలంటే అట్‌సింక్ కొట్టాలి. చేత్తో పక్కకు జరిపి పెట్టుకున్న నంబర్లు దాంతో మళ్లీ అసలు చోటికి వెళ్లిపోతాయి, వాటిని మళ్లీ సర్దుకోవాలి. 14 స్తంభాలకు అది పావుగంట పని. 400 కొబ్బరి చెట్లకైతే ఆలోచించుకోవాలి. అందుకే ఈ సెట్టులో చెట్ల నంబర్లను కదపకుండా, ఇన్సర్షన్ లేయరును మాత్రమే సరిచేసి వదిలేశాం.

0 లేయరు గురించి ఇంకో మాట. మూల ఫైల్లో 0లో నేరుగా గీసిన గీతలు షీటులోకి వచ్చాక టోపో-బేస్|0 అని విడిగా రావు. 0, డెఫ్‌పాయింట్స్ లేయర్లకు ముందు పేరు చేరదు. ఆ గీతలు ఎక్స్‌రెఫ్ కూర్చున్న లేయరు గుణాలే తీసుకుంటాయి. కాబట్టి వాటిని మాత్రమే విడిగా దాచే మార్గం షీటులో లేదు. సర్వే ఫైలు చేతికి రాగానే మొదట 0లో ఏముందో చూసి ఖాళీ చేయించాలి. బోదెల పేర్లు, తూముల గుర్తులు అక్కడ పడి ఉండటం మామూలే.

క్లిప్ చేసినా పోని తోట

ఎడమ గట్టు షీటులో టోపో-బేస్‌కు ఎక్స్‌క్లిప్‌తో బహుభుజి గీశారు. లోపలిది నిలిచింది, బయటి తోట కూడా నిలిచింది. క్లిప్ చెడిందని తీసేసి మూడుసార్లు మళ్లీ గీశారు. బయట ఉన్న ఒక చెట్టు మీద క్లిక్ చేసి చూడటం అన్నిటికన్నా త్వరగా తేల్చే పరీక్ష. ఇక్కడ క్లిక్ చేస్తే ఎంపికైంది టోపో-బేస్ కాదు, డ్రెయిన్ ఫైలు. మురుగు కాలువ అలైన్‌మెంటు గీసేటప్పుడు కింద కనబడటానికి అందులోకి టోపో-బేస్‌ను ఎటాచ్ చేసుకున్నారు. డ్రెయిన్ షీటులోకి వచ్చినప్పుడు దాన్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో ఎఫ్4 నొక్కి ట్రీ వరసలో (ఏ ఫైలు కింద ఏది ఉందో కొమ్మల్లా చూపేది) చూస్తే డ్రెయిన్ కింద టోపో-బేస్ వేలాడుతూ కనబడుతుంది. ఎఫ్3 జాబితాలో ఈ సంగతి తెలియదు.

ఇందులో మోసం ఎక్కడంటే, రెండు చోట్ల నుంచి వచ్చినా పేరు ఒకటే కాబట్టి లేయర్లు ఒకటే. ఫ్రీజ్ చేస్తే రెండూ కలిసే పోతాయి. అందువల్ల రెండో ప్రతి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. క్లిప్ మాత్రం ఒక్క ప్రతికే అంటుతుంది. డ్యాష్ గీతలు ప్రింటులో కొంచెం నిండుగా, ముద్దగా రావడం దీనికి ముందస్తు గుర్తు.

డ్రెయిన్ ఫైలు తెరిచి, ప్యాలెట్ కింది భాగంలో టోపో-బేస్ రకాన్ని ఎటాచ్ నుంచి ఓవర్‌లేకి మార్చి, సేవ్ చేసి, షీట్లలో డ్రెయిన్‌ను రీలోడ్ చేస్తే రెండో ప్రతి పోయింది. ఓవర్‌లే అయితే ఆ ఫైలులో కనబడుతుంది గానీ, దాన్ని ఇంకో ఫైలులోకి తెచ్చినప్పుడు వెంట రాదు. మూల ఫైళ్ల మధ్య ఓవర్‌లే తప్ప ఎటాచ్ వద్దు. ఎక్స్‌రెఫ్‌టైప్ 1 చేసి పెట్టుకుంటే కొత్తవి ఓవర్‌లేగానే వస్తాయి. క్లిప్ హద్దు తెర మీద కనబడి ప్రింటులో రాకుండా ఉండాలంటే ఎక్స్‌క్లిప్‌ఫ్రేమ్ 2.

ఎర్ర హద్దులు

ఎఫ్ఎంబీ స్కెచ్చులు గొలుసు, లింకు కొలతల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. లింకుల్లో డిజిటైజ్ చేసిన ఆ ఫైలును మీటర్ల షీటులోకి 0.201168 స్కేలుతో తేవాలి. ఇక్కడ అది సరిగ్గానే ఉంది. తప్పు రంగులో ఉంది. జనరల్ ప్లాను వ్యూపోర్టులో వీపీ కలర్ బూడిద ఇచ్చినా హద్దులు ఎర్రగానే ఉన్నాయి, ఎందుకంటే డిజిటైజ్ చేసినవాళ్లు గీతకే ఎరుపు ఇచ్చారు, లేయరుకు కాదు. గీతకు సొంత రంగు ఉంటే లేయరు రంగు దాన్ని కదపలేదు. మూల ఫైలు మన చేతిలో ఉంటే సెట్‌బైలేయర్ కొట్టి, బ్లాకుల లోపల కూడా మార్చమని చెప్పి సేవ్ చెయ్యాలి. ఫైలు వేరేవాళ్లది, ముట్టుకోకూడదు అంటే షీటులో ఎక్స్‌రెఫ్‌ఓవర్‌రైడ్ 1 చేస్తే ఎక్స్‌రెఫ్ గీతలన్నిటినీ బైలేయర్ లాగే చూస్తుంది. అది ఒక్క హద్దులకే కాదు, షీటులో ఉన్న ఎక్స్‌రెఫ్‌లన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి ఆన్ చేశాక ప్రతి వ్యూపోర్టూ చూసుకోవాలి.

తెర మీద ఎక్స్‌రెఫ్ వెలిసినట్టు కనబడటాన్ని చూసి ప్రింటులో కూడా అలాగే వస్తుందనుకోవద్దు. అలా వెలిసేలా చూపే సెట్టింగు ఎక్స్‌డీడబ్ల్యూజీఫేడ్‌సీటీఎల్ తెరకే పరిమితం. కాగితం మీద పలచగా రావాలంటే వీపీ కలర్ గానీ, ప్లాట్ స్టైల్లో స్క్రీనింగ్ గానీ ఇవ్వాలి.

కొత్త సర్వే వచ్చిన రోజు

డ్రెయిన్ అవతలి గట్టు సర్వే తర్వాత వచ్చింది. ఆ ఫైలు తేదీ పేరుతో వచ్చింది. పాతదాన్ని డిటాచ్ చేసి కొత్తదాన్ని ఎటాచ్ చేయబోతుండగా ఆపాల్సి వచ్చింది. లేయరు పేరులో నిలువు గీతకు ముందు ఉండేది ఎక్స్‌రెఫ్ పేరు. డిటాచ్ చేస్తే ఆ పేరుతో ఉన్న లేయర్లన్నీ, వాటి వీపీ ఫ్రీజులతో సహా పోతాయి. 11 షీట్ల పని మళ్లీ మొదటికి వస్తుంది. సరైన పద్ధతి: పాత టోపో-బేస్‌ను తేదీ చేర్చి "పాతవి" ఫోల్డరులోకి జరపాలి, కొత్త ఫైలుకు అదే టోపో-బేస్ పేరు పెట్టి అదే చోట ఉంచాలి, రీలోడ్ చెయ్యాలి. పేరు మార్చలేని పరిస్థితి ఉంటే ప్యాలెట్‌లో దారిని మాత్రం కొత్త ఫైలుకు తిప్పాలి. రిఫరెన్సు పేరు పాతదే ఉంటుంది, లేయర్లు నిలుస్తాయి.

రీలోడ్ తర్వాత కొత్త సర్వేలోని కొత్త లేయర్లు ప్రతి షీటులో, ప్రతి వ్యూపోర్టులో తెరుచుకుని వస్తాయి. ఈ సెట్టులో చేపల చెరువు గట్లు, కొత్త బోరు గుర్తులు అలా వచ్చాయి. ఇది చిరాకే గానీ మంచిదే. వచ్చినదాన్ని చూసి, ఏ షీటుకు కావాలో తేల్చి, మిగతా చోట దాచాలి. అది తప్పిపోకుండా లేయర్‌ఎవాల్ 1, లేయర్‌నోటిఫై 5 పెట్టుకున్నాం. ఎక్స్‌రెఫ్ రీలోడ్ అయినప్పుడూ ప్లాట్ చేయబోతున్నప్పుడూ కొత్త లేయర్లున్నాయని హెచ్చరిస్తుంది, అవి లేయర్ మేనేజరులో ఒక ఫిల్టరు కింద విడిగా చేరతాయి. చూశాక రీకన్‌సైల్ చేస్తే (చూశామని గుర్తు పెడితే) ఆ జాబితా నుంచి పోతాయి.

ఒక షీటులో కుదిర్చిన వీపీ ఫ్రీజులను మిగతా షీట్లకు చేర్చడానికి లేయర్ స్టేటు వాడాం. వ్యూపోర్టు లోపల ఉండగా సేవ్ చేసి, ఎల్ఏఎస్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, రెండో షీటులో వ్యూపోర్టు లోపలికి వెళ్లాకే రీస్టోర్ చెయ్యాలి. మోడల్ ట్యాబులో రీస్టోర్ చేస్తే వ్యూపోర్టు ఫ్రీజులు రావు. రీస్టోర్ పెట్టెలో, స్టేటులో లేని లేయర్లను ఆఫ్ చేయమనే గడి ఒకటి ఉంటుంది. షీటు శుభ్రంగా కనబడుతుందని దాన్ని టిక్ చేయడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఆ టిక్ తీసేయాలి. అది ఉంటే కొత్తగా వచ్చిన లేయరు ఎవరి కంటా పడకుండానే మూసుకుపోతుంది, అదీ మొత్తం షీటుకు. ఆ కొత్త లేయరు ఒక పైపుది కావచ్చు.

ప్రింటుకు ముందు ఒక పరీక్ష ఉంది. పునాది, క్రేను షీట్లలో వ్యూపోర్టును కాపీ చేసి కాగితం అంచు బయట పెట్టి, అందులో వీపీ ఫ్రీజులన్నీ తీసేసి, రెండూ పక్కపక్కన పోల్చాలి. దాచినదేదో చూశాకే ఆ కాపీని చెరిపేయాలి. షీటుకు అయిదారు నిమిషాలు పడుతుంది. స్తంభాల లెక్క మూల ఫైల్లో క్యూసెలెక్ట్ ఎంత చెబుతుందో ప్రింటులో చేత్తో అంత లెక్కపెట్టాలి.

కాంట్రాక్టరుకు డ్రాయింగు ఫైళ్లు ఇవ్వాల్సి వచ్చినప్పుడు బైండ్ (ఎక్స్‌రెఫ్‌ను షీటు ఫైల్లోనే కలిపేయడం) రకం దగ్గర జాగ్రత్త కావాలి. బైండ్ ఎంచుకుంటే లేయర్లు టోపో-బేస్$0$పైపు-నీరు లాంటి పేర్లతో విడివిడిగా నిలుస్తాయి. ఇన్సర్ట్ ఎంచుకుంటే ముందు పేరు పోయి, ఒకే పేరున్న లేయర్లు కలిసిపోతాయి. ఈ సెట్టులో టోపో-బేస్‌లోనూ డ్రెయిన్‌లోనూ లెవెల్స్ అనే లేయరు ఉంది. ఇన్సర్ట్‌తో అవి ఒకటైతే, హైడ్రాలిక్ షీటులో డ్రెయిన్ లెవెల్స్ మాత్రమే చూపి మిగతావి దాచడం ఇక కుదరదు. అందుకని పంపిన కాపీలు బైండ్ రకంలోనే చేసి, వాటితో పాటు ప్రతి షీటు పీడీఎఫ్‌నూ జత చేశాం. సైటులో చూడాల్సింది పీడీఎఫ్‌నే అని టైటిల్ బ్లాకులో రాశాం.